సగానికి సగం రుమాలు

నాకు అనంతం గురించి పాఠం చెప్పిన మనిషే మా నాన్న నోటికాడ కూడు లాగేశాడు. ఈ రెండూ వేరువేరు సంగతులైతే ఎంత బాగుండేది! పాఠం చెప్పినంతవరకు మంచివాడు, ఆ తర్వాత చెడిపోయాడు అనుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ పాఠంతోనే ఆ పని చేశాడు మహానుభావుడు. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది చీరాలలో నేతపేట. యాభైల చివర్లో సంగతి ఇది. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకదాని మీద నాన్న కూర్చునేవాడు. రెండోదాని మీద ఎవరో ఒకరు కూలికి నేసేవాళ్ళు. అమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. నేను ఎస్సెల్సీ ప్యాసై, ఇంట్లో కూర్చుని, పడుగుకి, అంటే నిలువు పోగులకి, గంజి పెట్టడంలో సాయం చేస్తూ ఉండేదాన్ని. నాకు లెక్కలంటే పిచ్చి. అమ్మ అయితే అందరితోనూ, "మా పిల్లకి అన్నం పెట్టకపోయినా పర్లేదండీ, ఒక లెక్క పడేస్తే చాలు" అనేది.

స్టేషన్ రోడ్డులో ఒక ఎగుమతి కంపెనీ ఉండేది. మా పేటలో నేసే రుమాలు గుడ్డంతా వాళ్ళే కొనేవాళ్ళు. బేళ్ళు కట్టి, బంగారు రంగు కాయితం ముద్ర అంటించి, రైల్లో మద్రాసు పంపేవాళ్ళు. అక్కణ్ణించి ఓడలో ఆఫ్రికాకి. అక్కడ ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తలకి చుట్టుకుంటారని చెప్పేవాళ్ళు. గుడ్డ మడత విప్పగానే మా నూనె రంగుల వాసన గుప్పుమనాలిట, లేకపోతే చేత్తో కూడా ముట్టుకోరట. ఆ వాసన చెడుతుందని కంపెనీ వాళ్ళకి ఎప్పుడూ బెంగే, ఎందుకంటే వాళ్ళ గోడ పక్కనే మిరపకాయల గోడౌను. ఎండాకాలం అక్కడికి వెళ్ళిన మనిషి తుమ్మకుండా తిరిగొచ్చేవాడు కాదు.

ఆ పాఠం చెప్పిన మనిషి ఆ కంపెనీకి మేనేజరు. గుంటూరు వైపు మనిషి. లెక్కల్లో ఎమ్మే చదివాడు. కాలేజీలో ఉద్యోగం దొరక్క గుడ్డల్లో పడ్డానని నవ్వుతూ చెప్పేవాడు. ఆదివారం ఆదివారం మగ్గాల మీద గుడ్డ చూసుకుంటూ పేటంతా తిరిగి చివరికి మా ఇంటికి వచ్చేవాడు. నాన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, స్వయంగా చాప పరిచేవాడు. మా ఇంట్లో కొత్త చాప ఒకటే ఉండేది. అది ఆయనకే. అమ్మ మజ్జిగ ఇచ్చేది. అంతగా నెత్తిన పెట్టుకున్నాం.

నాకు లెక్కలంటే ఇష్టమని తెలిసి, మజ్జిగ తాగుతూ పాఠం మొదలుపెట్టేవాడు. నేను మాస్టారూ అని పిలిచేదాన్ని. మొదటి పాఠం కండెలతోనే. అమ్మ ముందు ఎర్ర కండెల గంప, నీలం కండెల గంప ఉన్నాయి.

"లెక్కపెట్టకుండా ఏవి ఎక్కువో చెప్పగలవా అమ్మాయ్?" అన్నాడు.

ఆయన ఒక ఎర్రది, ఒక నీలం జతచేసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. రెండు గంపలూ ఒకేసారి ఖాళీ అయితే సమానం, ఒకదాన్లో మిగిలితే అది ఎక్కువ. అంకెలు రాని గొడ్లకాపరి కూడా చెయ్యగలడు. ఇంత చిన్న సంగతి ఎస్సెల్సీ దాకా నాకు ఒక్కరూ చెప్పలేదే అనిపించింది.

పై వారం అసలుది పట్టుకొచ్చాడు. ఒకటి, రెండు, మూడు అని అంతులేకుండా పోయే అంకెలు ఒక గంపలో. రెండు, నాలుగు, ఆరు అని పోయే సరిసంఖ్యలు ఇంకో గంపలో. ఒకటికి రెండు జత, రెండుకి నాలుగు జత, మూడుకి ఆరు జత. ఏ అంకె చెప్పినా దానికో జత ఉంటుంది. ఏదీ మిగలదు. కాబట్టి రెండూ సమానం!

"అదెలా మాస్టారూ? సగం తీసేస్తే సగమే కదా మిగలాలి!"

"అంతు ఉన్నవాటికి ఆ రూలు. అంతులేని వాటిలో భాగం కూడా మొత్తమంత ఉంటుందమ్మా. సగం తీసినా తరగదు."

రాట్నం దగ్గర్నుంచి అమ్మ అందుకుంది. "ఆ లెక్కేదో మా బియ్యం డబ్బాకి కాస్త చెప్పి పోండి బాబూ, పుణ్యముంటుంది."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం. నాకు మాత్రం ఆ వారమంతా అదే ధ్యాస. నీళ్ళు తోడుతున్నా అదే, గంజి కాస్తున్నా అదే. నిజం చెప్పాలంటే నేను అంత ఆనందంగా ఉన్న రోజులు మళ్ళీ చాలా ఏళ్ళదాకా లేవు.

అప్పుడే మా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసి, సగంలో ఒక అడ్డగీత కొట్టాను. మిగిలిన సగంలో సగానికి ఇంకోటి. దాంట్లో సగానికి ఇంకోటి. గీతలు దగ్గరపడుతూ, చివరికి చేరతాయన్నట్టే ఉంటాయి, చేరవు. గోడ పాడుచేస్తున్నావని తిట్టడానికి వచ్చిన నాన్న అక్కడే నిలబడిపోయాడు.

"ఇది నేస్తే ఎట్టా ఉంటుందే?" అన్నాడు.

అప్పటిదాకా మా నాన్న నేసినవన్నీ ఎవరో ఇచ్చిన గళ్ళే. ఆయన చెయ్యి మంచిదని పేటంతా ఒప్పుకునేది కానీ ఇది ఫలానా ఇంటి రకం అని చెప్పుకోడానికి ఒక్కటీ లేదు. ఆ బొగ్గు గీతల్ని చూసి పడుగు వేశాడు. గుడ్డంతా ఎర్రటి నేల. గుడ్డ వెడల్పుకి సరిగ్గా సగంలో ఒక నీలం చార. మిగిలిన సగానికి సగంలో ఇంకో చార. అలా కుడి అంచు దాకా దగ్గరపడుతూ పోయాయి. అంచు దగ్గరికి వచ్చేసరికి నాన్న తల గోక్కున్నాడు.

"ఒక్క పోగు మిగిలింది. ఏం చెయ్యమంటావు? చీల్చమంటావా?"

"లెక్క ప్రకారం చీల్చాలి నాన్నా."

"నీ లెక్కని తీసుకొచ్చి ఈ గుంటలో కూర్చోబెట్టు, చీలుస్తుందేమో చూద్దాం," అన్నాడు. ఆ పోగుని అంచులో కలిపేసి నేశాడు.

గుడ్డ మగ్గం మీంచి దిగాక చూడాలి ఆ అందం! ఎడమవైపు విశాలంగా ఎరుపు, కుడివైపుకి పోయేకొద్దీ నీలం ముసురుకుంటూ వస్తుంది. నాన్న దాన్ని మొహానికి ఆనించుకుని వాసన చూసుకుని మడతపెట్టాడు. మేనేజరు చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. కంపెనీ మద్రాసు ఆఫీసు వాళ్ళు కూడా ఒప్పుకున్నారు, వచ్చే సీజను నుంచి పెద్ద ఎత్తున కావాలన్నారు.

ఇక్కడ మా పేట పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త రకం గుడ్డని కంపెనీ ఒప్పుకుంటే, ఆ మొదటి నమూనాని నేసినవాడే నిలువునా రెండు ముక్కలు చేస్తాడు. కత్తెర తిన్నగా వెయ్యడు. కళ్ళు పక్కకి తిప్పుకుని, చేతికి ఎలా వస్తే అలా వంకరటింకరగా కోస్తాడు. ఒక ముక్క కంపెనీకి, ఒకటి ఇంటికి. ఆర్డరు వచ్చినప్పుడు ఇంటివాడు తన ముక్క తీసుకెళ్ళి కంపెనీ బల్ల మీద రెండూ చేరుస్తాడు. ఆ వంకరకి ఈ వంకర అతికినట్టు కూర్చుంటే ఆ రకం నూలు ఆ ఇంటికే ఇస్తారు. మరొకరికి ఇవ్వరు. సంతకాలు లేవు, స్టాంపు కాయితాలు లేవు. ముక్క ఎవరిదో నేత వాళ్ళది. మా తాతల నాటి నుంచీ అంతే.

నాన్న కూడా అలాగే కోశాడు. చారలు లేని ఎడమ సగం కంపెనీకి వెళ్ళింది. చారలన్నీ ఉన్న కుడి సగం మాకు మిగిలింది. అమ్మ దాన్ని తన పెళ్ళిచీర మడతలో దాచింది. ఆ ముక్క ఉంటే ఆ రకం మాది. మా రెండు మగ్గాలకే కాదు, ఇరుగుపొరుగు మగ్గాలకి కూడా మా నాన్నే నూలు పంచుతాడు. ఒకరి కింద నేసే మనిషి ఒక రకానికి పెద్ద అవుతాడు. నాన్న ఆ రోజుల్లో మగ్గం మీద కూనిరాగాలు తీసేవాడు, నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

వానాకాలంలో ఒక ఆదివారం మేనేజరు వచ్చి, చాప మీద కూర్చుని, దిగులుగా మొహం పెట్టాడు. మద్రాసులో రంగు సరిచూసుకోవడానికి నమూనా ముక్క కావాలట. కంపెనీ ముక్క బీరువాలోంచి కదలకూడదట.

"కొత్తది నేసిస్తానండీ," అన్నాడు నాన్న.

"వాళ్ళు ఒప్పుకున్నది ఈ గుడ్డని. రంగు రవ్వంత మారినా అడ్డం తిరుగుతారు. నీ ముక్కలో ఎరుపు ఎక్కువున్న వైపు సగం ఇవ్వు చాలు."

నాన్న ముక్కని ఒళ్ళో పెట్టుకుని దాని కోత వెంట వేలు పోనిచ్చాడు. ఎరుపు ఎక్కువున్న వైపంటే కంపెనీ ముక్కకి అతుక్కునే వంకర కోత ఉన్న వైపే. "మరి ఈ కోత పోతే ఎట్టాగండీ?" అన్నాడు.

"నేను లేనూ? నీ ముక్క నాకు తెలీదా?" అని నావైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వే చెప్పు మీ నాన్నకి. ఈ ముక్కలో ఎడమ సగం తీసేస్తే మిగిలేది ఏంటి? సగంలో ఒక చార, దాంట్లో సగంలో ఒక చార, అంచు దాకా. అవునా కాదా? మొదటి గుడ్డకీ దీనికీ తేడా ఏముంది?"

నేను చూశాను. అవును, నిజమే. మిగిలే ముక్క అచ్చంగా పాత గుడ్డే, చిన్నదిగా. భాగంలో మొత్తం కూర్చుని ఉంది. ఆయన గంపల్లో చూపించిన మాయ మా ఇంటి గుడ్డలో కళ్ళముందు కనిపించేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. "అవును నాన్నా, మొత్తం ఇందులోనే ఉంది," అన్నాను. తప్పు ఒప్పుకోవడానికి రాయడం లేదు ఇది. లెక్క నిజమే, నేను నిజమే చెప్పాను. ఆ నిజాన్ని నా నోటితో పలికించి నాన్న చేతికి కత్తెర ఇచ్చినవాడు ఆయన. ఆ పాపం ఆయనదే.

నాన్న కోసిచ్చాడు. ఆ తర్వాత ఆఫ్రికా ఏజెంటు చేత్తో తడిమి చూస్తాడని ఇంకో సగం అడిగాడు. ఆ తర్వాత ముద్ర కాయితం రంగు కుదరాలని ఇంకోటి, ఇంకేదో వంకతో మరోటి. మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే లేదనడం ఆయన వల్ల కాదు, అందులోనూ చాప వేసి కూర్చోబెట్టిన మనిషిని. పైగా ప్రతిసారీ ఏదో ఒకటి మిగులుతూనే ఉండేది. మిగిలినదాన్ని చూపించి, "మొత్తం నీ దగ్గరే ఉందయ్యా" అనేవాడు మేనేజరు. అమ్మ ఒక్కతే సణిగేది. "ఆ మొత్తమేదో రోజురోజుకీ చిక్కిపోతోందేంటి?" అని. నాన్నా నేనూ కలిసి అమ్మ నోరు మూయించేవాళ్ళం.

సీజను వచ్చింది. కంపెనీ నుంచి కబురొచ్చిన రోజు నాన్న ఉతికిన పంచె కట్టుకుని, ఆ ముక్కని రుమాల్లో చుట్టుకుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. మిరపకాయల ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. కంపెనీ వరండాలో మా పేటవాళ్ళు చాలామంది నిలబడి ఉన్నారు. మేనేజరు బల్ల మీద కంపెనీ ముక్క పరిచాడు. ఎర్రగా, విశాలంగా, ఒకవైపు మా నాన్న కత్తెర వంకరతో.

"ఏదయ్యా నీ ముక్క?"

నాన్న తీసిపెట్టాడు. బొటనవేలంత వెడల్పు. ఎరుపు, నీలం పోగులు పక్కపక్కనే తొక్కుకుంటున్నాయి, అంతే. చార ఏదో నేల ఏదో తెలియదు. కోత తిన్నగా ఉంది. కంపెనీ ముక్క పక్కన పెడితే రెండింటి మధ్య బల్ల చెక్క కనిపిస్తోంది.

"ఇది ఏ గుడ్డ అంచైనా కావచ్చు," అన్నాడు మేనేజరు, ఏమీ ఎరగనట్టు. ఆ గొంతులో తొణుకూ బెణుకూ లేదు. నంగనాచి!

అప్పుడు పక్కనున్న ఒక పెద్ద షావుకారు ముందుకొచ్చాడు. ఊళ్ళో సగం మగ్గాలు ఆయన కిందే నడిచేవి. చంకలోంచి ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. దాని వంకర కోత కంపెనీ ముక్క వంకరలోకి వెళ్ళి అతికినట్టు కూర్చుంది. ఒక పోగు కూడా అటూ ఇటూ కాలేదు. అది రంగు చూడ్డానికి మద్రాసు పంపాలని మేనేజరు పట్టుకెళ్ళిన ముక్క. మద్రాసు దాకా ఎప్పుడూ వెళ్ళనే లేదు, షావుకారు చేతికే వెళ్ళింది.

"అది నా ముక్కండీ," అన్నాడు నాన్న. "మా ఇంట్లోనే, మీ ఎదురుగానే కోసిచ్చానండీ."

"ఎవరి చేతిలో ముక్క ఉంటే నేత వాళ్ళది. ఈ పద్ధతి మీ పేటదే కదయ్యా, నాది కాదుగా."

మా పేటవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు. రేపు నూలు కావాలిగా అందరికీ! నేనే బల్ల దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, మీరు తీసుకెళ్ళిన ముక్కేగా ఇది? చెప్పండి."

ఆయన నావైపు చూశాడు. ఆదివారం పాఠం చెప్పేటప్పుడు చూసే చూపే. నెమ్మదిగా అన్నాడు: "నేనెప్పుడూ మొత్తం తీసుకోలేదమ్మా. ప్రతిసారీ మీకు సగం వదిలాను కదా."

ఆ మాట నా చెంప మీద కొట్టినట్టయింది. ఇంటికి రాగానే నాన్న ఆ బొటనవేలంత ముక్కని నా చేతిలో పెట్టి, "ఇదిగోవే, నీ మొత్తం," అన్నాడు. కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. అమ్మ మాత్రం నేనన్నానా అని ఒక్కసారి కూడా అనలేదు. పెళ్ళిచీర విప్పి, మళ్ళీ మడతపెట్టి, పెట్టెలో పెట్టేసింది.

ఆ తర్వాత ఏమైందంటే, ఆ రకం నెయ్యడం మా నాన్నకి తప్ప ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. అంచు దగ్గర చారలు ముద్దయిపోయేవి. షావుకారు మనిషిని పంపాడు, కూలికి నెయ్యమని. నాన్న ఒప్పుకున్నాడు. మగ్గం ఖాళీగా ఉంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? తన గుడ్డని తనే, ఇంకొకడి రకంగా నేస్తూ కూర్చున్నాడు. కూనిరాగం పోయింది. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే ఆ నాడె చప్పుడు వినలేక నేను పెరట్లోకి పోయేదాన్ని. ఆ మేనేజరుని పట్టుకుని నడిబజారులో కడిగెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో!

అంత జరిగాక కూడా ఆయన వచ్చాడు. ఆదివారం, పొద్దున్నే, ఎప్పటిలాగే. చేతిలో ఒక లెక్కల పుస్తకం కూడా ఉంది. నాన్న గుంటలోంచి లేచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? చాప తెచ్చి పరిచి, వెళ్ళి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడు. సిగ్గూ ఎగ్గూ ఉంటే కదా!

"పాఠాలు మానేశావేంటమ్మాయ్? లెక్కకీ వ్యాపారానికీ ముడిపెట్టకూడదు. నీలాంటి పిల్ల బుర్ర పాడుచేసుకుంటే నాకు బాధగా ఉంటుంది," అన్నాడు.

ఆ బాధ నిజమేనేమో. అదే నాకు మరీ అసహ్యం వేసింది. లోపలికి వెళ్ళి ఆ ముక్క తెచ్చాను. ఆయన ఎదురుగా కింద కూర్చుని ఒక్కో పోగూ లాగడం మొదలుపెట్టాను. ఎర్రది, నీలంది, ఎర్రది. లాగిన పోగుల్ని చాప మీద ఆయన మోకాళ్ళ ముందు పడేస్తూ పోయాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు. అమ్మ రాట్నం ఆపేసింది. నాన్న నాడె కూడా ఆగింది. చివరికి నా చేతిలో ఒకే ఒక్క పోగు మిగిలింది. నీలంది. ఆయన అరచెయ్యి లాగి దాంట్లో పెట్టాను.

"దీంట్లో సగం మాకు వదలండి మాస్టారూ."

ఆయన ఆ పోగువంక చూశాడు. లేచి, పుస్తకం తీసుకుని, చెప్పులు వేసుకుంటున్నాడు. పోగు ఇంకా ఆయన వేళ్ళకి అంటుకునే ఉంది, విదిలించుకుంటున్నాడు, రావడం లేదు. గుమ్మం దాటకముందే మగ్గం గుంటలోంచి నాన్న గొంతు వినిపించింది. గట్టిగా, ఆయనకి వినపడేలాగే అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న ఒక మనిషిని కాదనడం నేను వినడం అదే మొదటిసారి.

"అమ్మాయ్, ఆ చాప ఎత్తెయ్యి. ఇంక ఎవరికీ వెయ్యక్కర్లేదు."